బొగ్గు గనుల్లో ఉత్పాదకత: పనితనం వాటా ఎంత, నేల వాటా ఎంత

1990-91లో సింగరేణి కాలరీస్‌లో దాదాపు 1.16 లక్షల మంది కార్మికులు ఉండేవారు. ఆ రోజుల్లో ఏడాదికి తవ్విన బొగ్గు సుమారు 1.8 కోట్ల టన్నులు. 2023-24లో అదే సంస్థ 40 వేల చిల్లర పర్మినెంటు ఉద్యోగులతో 7 కోట్ల టన్నులు తీసింది. మనిషి ఒక్కింటికి లెక్క వేస్తే ఏడాదికి 155 టన్నుల దగ్గర ఉన్నది 1,700 టన్నులు దాటింది. అంటే మూడు దశాబ్దాల్లో పదకొండు రెట్లు. కోల్ ఇండియా కథా ఇదే బాటలో నడిచింది. 1975లో ఏర్పడినప్పుడు దాని ఉత్పత్తి 8 కోట్ల టన్నుల లోపు కాగా, 2023-24లో 77 కోట్ల టన్నులు దాటింది. ఒకప్పుడు ఆరు లక్షలు మించిన సిబ్బంది రెండు లక్షల చిల్లరకు తగ్గారు. ఇంత పెరుగుదల చూపిన భారీ పరిశ్రమలు దేశంలో ఎక్కువ లేవు. అయితే ఈ పెరుగుదలలో గని నడిపే పనితనం వాటా ఎంత, నేల స్వభావం వాటా ఎంత అన్నది విడదీసి చూడకపోతే, రాబోయే ఇరవై ఏళ్లలో బొగ్గు ఖర్చు ఎటు పోతుందో అంచనా వేయడం సాధ్యం కాదు.

గనుల్లో ఉత్పాదకతను కొలవడానికి చాలాకాలంగా వాడుతున్న కొలమానం ఓఎంఎస్, అంటే ఒక మనిషి ఒక షిఫ్టు హాజరుకు వచ్చిన బొగ్గు. ఉత్పత్తిని మొత్తం మ్యాన్‌షిఫ్టులతో భాగిస్తే వచ్చే ఈ అంకె తేలికగా దొరుకుతుంది, మేనేజరు దగ్గర నుంచి యూనియన్ నాయకుడి దాకా అందరికీ అర్థమవుతుంది, రోజూ బోర్డు మీద రాయడానికి వీలుగా ఉంటుంది. దాని బలం అంతా ఈ సులువులోనే ఉంది, బలహీనత కూడా అక్కడే ఉంది. బొగ్గు ఎంత లోతు నుంచి వచ్చిందో, దాని మీద ఎంత మట్టి తీశారో, ఆ బొగ్గులో బూడిద ఎంతో, ఆ టన్ను కోసం ఎంత డీజిల్, ఎంత పెట్టుబడి కరిగిపోయాయో ఓఎంఎస్‌కు తెలియదు.

ఊహాజనితమైన ఒక సంస్థను తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. దాని భూగర్భ గనుల్లో షిఫ్టుకు మనిషి ఒక టన్ను, ఓపెన్‌కాస్టుల్లో, అంటే పై నుంచి మట్టి తొలగించి తవ్వే గనుల్లో, పది టన్నులు తీస్తాడనుకుందాం. మొత్తం 100 షిఫ్టుల్లో 80 భూగర్భంలో, 20 ఓపెన్‌కాస్టులో పడితే 280 టన్నులు వస్తాయి. సగటు ఓఎంఎస్ 2.8. కొన్నేళ్ల తర్వాత 20 షిఫ్టులు భూగర్భంలో, 80 ఓపెన్‌కాస్టులో పడితే 820 టన్నులు వస్తాయి, సగటు 8.2. ఈ మధ్యకాలంలో ఏ గనిలోనూ ఎవరి పనీ రవ్వంత మెరుగుపడలేదు, కొత్త యంత్రం రాలేదు, వృథా తగ్గలేదు. అయినా సంస్థ వార్షిక నివేదికలో ఉత్పాదకత దాదాపు మూడు రెట్లు అయినట్టు కనిపిస్తుంది.

భారత బొగ్గు పరిశ్రమలో జరిగినదాంట్లో పెద్ద భాగం ఇదే. 1971-73 మధ్య జాతీయీకరణ జరిగే నాటికి దేశంలో బొగ్గు అంటే ప్రధానంగా భూగర్భ గని. మనిషి తట్ట పట్టి టబ్బు నింపే పని. అప్పటి ఓఎంఎస్ టన్నులో సగానికి కాస్త పైన. ఆ తర్వాత డిమాండు పెరిగేకొద్దీ పెట్టుబడి అంతా ఓపెన్‌కాస్టుల వైపు మళ్లింది. సింగరేణిలో మొదటి ఓపెన్‌కాస్టు 1975లో రామగుండంలో వచ్చింది. నేడు కోల్ ఇండియా ఉత్పత్తిలో భూగర్భ గనుల వాటా ఐదు శాతానికి లోపు, సింగరేణిలో పదో వంతుకు లోపు. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా దగ్గర గెవ్రా గని ఒక్కటే 2023-24లో 5.9 కోట్ల టన్నులు తీసింది. కోల్ ఇండియా భూగర్భ గనులన్నీ కలిసి తీసింది అందులో సగం కూడా లేదు. గెవ్రాలో మందమైన బొగ్గు పొర నేలకు దగ్గరగా ఉంది. అక్కడి షావెల్ (బొగ్గు ఎత్తే భారీ యంత్రం) ఆపరేటరు చూపే ఓఎంఎస్‌ను పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్‌లో ఒక పాత ఇంక్లైను (వాలు దారిలో దిగే భూగర్భ గని) కార్మికుడి ఓఎంఎస్‌తో పోల్చి ఒకరు సమర్థులు, మరొకరు కారు అనడం అన్యాయం.

అలాగని మొత్తం ఘనత నేలకే కట్టబెట్టడమూ సరికాదు. 1990వ దశకంలో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి నష్టాల్లో మునిగిన సంస్థల వ్యవహారం చూసే బీఐఎఫ్‌ఆర్ గడప రెండుసార్లు తొక్కింది. లెక్కలేనన్ని యూనియన్లు, ఒక్కో గనిలో వారానికో సమ్మె అన్నట్టు ఉండేది పరిస్థితి. ఆర్థిక పునర్వ్యవస్థీకరణ, స్వచ్ఛంద పదవీ విరమణలు, 1998లో మొదలైన గుర్తింపు సంఘం (యాజమాన్యంతో మాట్లాడే యూనియన్) ఎన్నికలు, తట్ట పని స్థానంలో బొగ్గు ఎత్తి పోసే ఎస్‌డీఎల్ యంత్రాలు రావడం, ఇవన్నీ కలిసి సంస్థను మళ్లీ లాభాల్లో నిలబెట్టాయి. పోయే పనిదినాలు తగ్గడం అన్నది నేల ఇచ్చిన వరం కాదు, మనుషులు కుదుర్చుకున్నది. కాకపోతే ఇలాంటి లాభం ఒక్కసారి వచ్చేది. సమ్మెలు సున్నాకు దగ్గరగా వచ్చాక అక్కడి నుంచి పిండుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ఇక ఓపెన్‌కాస్టు లెక్క. ఇందులో అసలు కీలకం ఓబీ, అంటే బొగ్గు పొర చేరడానికి ముందు తీసి పక్కన పోయాల్సిన మట్టి, రాయి. ఒక టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల ఓబీ తీయాలన్న నిష్పత్తే ఓపెన్‌కాస్టు జాతకాన్ని నిర్ణయిస్తుంది. కోల్ ఇండియా సగటు ఇప్పుడు రెండున్నర దగ్గర ఉంది, పదిహేనేళ్ల కిందట రెండుకు లోపే ఉండేది. సింగరేణిలో ఇది ఆరు దాకా ఉంది. గోదావరి లోయలో బొగ్గు పొరలు బల్లపరుపుగా పరుచుకుని ఉండవు, ఏటవాలుగా కిందికి దిగుతాయి. గని ముందుకు జరిగేకొద్దీ, బావిలో నీరు తగ్గేకొద్దీ చేద తాడు పొడవు పెరిగినట్టు, ప్రతి టన్నుకు తీయాల్సిన మట్టి పెరుగుతూ పోతుంది.

దీని ప్రభావం ఎంతో చిన్న లెక్కలో చూడవచ్చు. ఒక టన్ను బొగ్గు నేలలో ఇంచుమించు 0.65 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. నిష్పత్తి మూడు ఉన్న గనిలో ఒక టన్ను బొగ్గుకు మొత్తం తవ్వకం 3.65 ఘనపు మీటర్లు. నిష్పత్తి ఆరైతే 6.65. అంటే 82 శాతం ఎక్కువ పని. ఒక గనిలో పదేళ్లలో నిష్పత్తి మూడు నుంచి ఆరుకు పెరిగి, అదే కాలంలో పెద్ద డంపర్లు, మెరుగైన పేలుళ్లు, రవాణా రోడ్ల నిర్వహణ వల్ల ఒక మనిషి ఒక షిఫ్టులో కదిలించే పరిమాణం కూడా 82 శాతం పెరిగిందనుకుంటే, ఆ గని ఓఎంఎస్ ఉన్నచోటే ఉంటుంది. నిజానికి ఆ గని అద్భుతంగా పనిచేసింది, అయినా పట్టికలో దానికి దక్కే మార్కు సున్నా. అందుకే బొగ్గునూ ఓబీనీ ఘనపు మీటర్లలోకి మార్చి కలిపే కాంపోజిట్ లెక్కను సంస్థలు లోపల వాడుకుంటాయి. బయటి చర్చల్లో మాత్రం ఆ అంకె ఎక్కడా వినిపించదు, టన్నులే వినిపిస్తాయి.

సింగరేణి ఓపెన్‌కాస్టులకు మరో ప్రత్యేకత ఉంది. వీటిలో చాలావరకు పాత భూగర్భ గనుల మీదే తవ్వుతున్నారు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో పైకప్పును నిలబెట్టడానికి వదిలేసిన స్తంభాల్లో ఉండిపోయిన బొగ్గును ఇప్పుడు పై నుంచి వచ్చి తీస్తున్నారన్నమాట. బెంచి, అంటే ఓపెన్‌కాస్టులో మెట్టులా తవ్వే అంచు, తెగినచోట నల్లటి పొరలో వరుసగా చీకటి నోళ్లు, యాభై, అరవై ఏళ్ల కిందట మనుషులు నడిచిన గ్యాలరీలు, బయటపడతాయి. డ్రిల్ రాడ్డు ఒక్కోసారి ఆ ఖాళీలోకి జారుతుంది. గాలి తగిలి స్తంభాల్లోని బొగ్గు వేడెక్కి పొగ లేస్తుంది. కందకం వేసి, నీళ్లు పట్టి, చల్లబడ్డాకే రంధ్రాల్లో పేలుడు మందు నింపాలి. పేలుడుకు ముందు గ్యాలరీల పాత ప్లానులు తిరగేయాలి, యంత్రం నిలబడే చోటు కింద నేల గట్టిదో కాదో చూసుకోవాలి. ఇవన్నీ సమయం తినే పనులే. ఒకప్పుడు స్తంభాలుగా వదిలేసిన బొగ్గు నాటి ఓఎంఎస్‌లో నష్టంగా కనబడలేదు. నేటి ఓపెన్‌కాస్టుకు అదే బొగ్గు లాభంగా జమపడుతోంది. తరాల మధ్య జరిగిన ఈ బదిలీని ఏ వార్షిక నివేదికా విడిగా చూపదు.

భూగర్భ గనిలో ఉత్పాదకత అరవై ఏళ్లలో పెద్దగా ఎందుకు కదలలేదన్నది విడిగా చూడాల్సిన ప్రశ్న. చాలా గనుల్లో ఓఎంఎస్ ఇప్పటికీ ఒక టన్ను అటూ ఇటూగానే ఉంది. కారణం బద్ధకం కాదు, షిఫ్టు ఎలా ఖర్చవుతుందో చూస్తే చాలు. మస్టరు పడ్డాక టోపీ లాంపు తీసుకుని బాయిలోకి దిగిన మనిషి ఫేసు, అంటే బొగ్గు తవ్వే చోటు, దగ్గరికి చేరాలంటే పాత గనుల్లో రెండు మూడు కిలోమీటర్లు వాలులో నడవాలి, తిరిగి ఎక్కాలి. గ్యాసు పరీక్ష, పైకప్పు తట్టి చూడడం, బోల్టులు వేయడం, రంధ్రాలు, పేలుడు, పొగ పోయేదాకా ఆగడం, ఆ తర్వాతే ఎస్‌డీఎల్ బొగ్గెత్తుతుంది. బెల్టు ఎక్కడో ఒకచోట ఆగితే అందరూ ఆగాల్సిందే. ఎనిమిది గంటల షిఫ్టులో అసలు బొగ్గు కదిలేది కొద్ది గంటలే. గని విస్తరించేకొద్దీ ఫేసు దూరమవుతుంది, గాలి పంపే మార్గాలు, నీరు తోడే పంపులు, వాటిని చూసుకునే మనుషులు పెరుగుతారు. ఫేసు మీద పనిచేసేవాళ్ల కంటే ఫేసును బతికించేవాళ్ల సంఖ్య ఎక్కువవుతుంది. మనుషులను మోసుకెళ్లే చైర్‌లిఫ్టులు పెట్టిన గనుల్లో ఉత్పాదకత మెరుగుపడడానికి బొగ్గు కోసే యంత్రంతో సంబంధం లేదు. కాళ్ల నొప్పులు తగ్గడమూ, ఫేసు దగ్గర ఒక గంట అదనంగా దొరకడమూ కారణం. ఖర్చుతో పోలిస్తే వచ్చే ఫలితం చూసినప్పుడు గనుల్లో పెట్టిన పెట్టుబడుల్లో మెరుగైనవాటిలో ఇదొకటి అనిపిస్తుంది, కానీ ప్రారంభోత్సవాలకు రిబ్బను కత్తిరించేంత ఆకర్షణ దీనికి లేదు.

ఆకర్షణ అంతా లాంగ్‌వాల్‌ది, అంటే పొడవైన బొగ్గు గోడను యంత్రంతో వరుసగా కోస్తూ పోయే పద్ధతిది. 1978లో ఝరియా ప్రాంతంలోని మునిడీలో యాంత్రిక లాంగ్‌వాల్ మొదలైంది. సింగరేణిలో 1983లో గోదావరిఖని ఏడో ఇంక్లైనులో ప్రవేశించింది. విదేశాల్లో షిఫ్టుకు వేల టన్నులు ఇచ్చే ఈ పద్ధతి ఇక్కడ ఎదురుదెబ్బలు ఎక్కువ తిన్నది. 1990లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చర్చా గనిలో, 1997లో పశ్చిమ బెంగాల్‌లోని కొట్టాడి గనిలో గట్టి పైకప్పు ఒక్కసారిగా బరువు దించడంతో దాన్ని మోసే పవర్డ్ సపోర్టులు (హైడ్రాలిక్ ఆధారాలు) దెబ్బతిన్నాయి. మరికొన్నిచోట్ల దిగుమతి చేసుకున్న యంత్రానికి విడిభాగాలు అందలేదు, ముందే సిద్ధం కావాల్సిన ప్యానెల్ (కోయాల్సిన బొగ్గు దిమ్మె) సిద్ధం కాలేదు, కోట్ల విలువైన యంత్రం నెలల తరబడి పనిలేకుండా ఉంది. రామగుండం దగ్గర అడ్రియాల ప్రాజెక్టు 2014లో మొదలైనప్పుడు ఏటా 28 లక్షల టన్నుల లక్ష్యం పెట్టుకున్నారు. దాన్ని నిలకడగా అందుకోవడం కష్టమైంది. కార్మికుడికి వచ్చే టన్నులు ఇక్కడ ఎక్కువే, కానీ పెట్టుబడికి వచ్చే టన్నులు తక్కువ. ఓఎంఎస్ పెరిగితే ఖర్చు తగ్గుతుందన్న నమ్మకం ఇలాంటిచోటే తప్పవుతుంది. ఒక మనిషి కూలిని ఆదా చేయడానికి అంతకు మించిన వడ్డీ, తరుగుదల భారం నెత్తికెత్తుకున్నప్పుడు ఉత్పాదకత పట్టిక నవ్వుతుంది, లాభనష్టాల ఖాతా మాత్రం ఏడుస్తుంది.

ఖర్చు వైపు నుంచి చూస్తే భారత బొగ్గు సంస్థల స్వభావం మరింత తేటపడుతుంది. 2023-24లో కోల్ ఇండియా మొత్తం ఖర్చులో సగానికి దగ్గరగా ఉద్యోగుల మీద పెట్టినదే. జీతాలు జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం నిర్ణయమవుతాయి. 2021 జులై నుంచి వర్తించే పదకొండో ఒప్పందం మీద 2023 మేలో సంతకాలయ్యాయి. భూగర్భ అలవెన్సు వంటి చిన్న తేడాలు తప్ప గెవ్రాలో పనిచేసినా, పాత ఇంక్లైనులో పనిచేసినా వేతన శ్రేణి ఒకటే. ఉదాహరణకు ఒక షిఫ్టుకు అన్నీ కలిపి 4,000 రూపాయలు పడుతుందనుకుంటే, ఒక టన్ను వచ్చే గనిలో టన్నుకు కూలి ఖర్చే 4,000, పది టన్నులు వచ్చే గనిలో 400. భూగర్భ గనుల్లో అధికభాగం నష్టాల్లో ఉండటానికీ, ఆ నష్టాన్ని ఓపెన్‌కాస్టుల లాభం మోయడానికీ మూలం ఇక్కడుంది. ఈ సర్దుబాటును వృథా అనేవారున్నారు. వేరువేరు నేలల మీద ఒకే రకం కష్టం చేసేవారికి ఒకే కూలి ఇవ్వాలన్న సూత్రానికి చెల్లిస్తున్న మూల్యం అది అనడం న్యాయంగా ఉంటుంది.

ఓబీ పనిలో ఎక్కువ భాగం ఇప్పుడు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. ఓఎంఎస్ లెక్కలో వాళ్ల మనుషుల హాజరును కలుపుతున్నారా, వదిలేస్తున్నారా అన్నది చూడకుండా ఏ రెండు సంవత్సరాలనూ, ఏ రెండు సంస్థలనూ పోల్చకూడదు. సొంత ఉద్యోగి తీసే మట్టిని కాంట్రాక్టరుకు అప్పగించిన మరుసటి రోజు ఓఎంఎస్ దానంతటదే పెరుగుతుంది; అదే మట్టి, అదే డీజిల్, తక్కువ జీతానికి పనిచేసే వేరే డ్రైవరు. ఖర్చు తగ్గిన మాట నిజమే కావచ్చు, కానీ అది సామర్థ్యం వల్ల తగ్గిన ఖర్చు కాదు, వేతనాల తేడా వల్ల తగ్గినది.

ఇంకో మాయ వాయిదాలో ఉంది. ప్రణాళిక ప్రకారం తీయాల్సిన ఓబీని ఈ ఏడాది తక్కువ తీసి, దొరికిన బొగ్గును ముందు తోడుకుంటే ఈ ఏటి ఖర్చు తగ్గి ఉత్పాదకత పెరుగుతుంది. బెంచీలు ఇరుకవుతాయి, వాలు నిటారుగా మారుతుంది, రెండు మూడేళ్ల తర్వాత బాకీ వడ్డీతో సహా వచ్చి పడుతుంది. తవ్విన మట్టిని దగ్గర్లోనే ఎత్తుగా పోసి రవాణా ఖర్చు మిగుల్చుకోవడం కూడా ఇలాంటిదే. 2016 డిసెంబరులో ఝార్ఖండ్‌లోని లాల్‌మటియా ఓపెన్‌కాస్టులో ఓబీ కుప్ప జారి 23 మంది మరణించారు. మట్టిని ఎక్కడ, ఎంత ఎత్తున, ఏ వాలుతో పోస్తున్నారన్నది టన్ను ఖర్చు లెక్కలో చిన్న వరుసే అయినా, గనిలో అందరి ప్రాణాలు ఆ వరుస మీద ఆధారపడి ఉంటాయి.

నాణ్యతను వదిలేసినా లెక్క తప్పుతుంది. 2012 నుంచి దేశంలో బొగ్గును దాని కేలరీల ప్రకారం జీ1 నుంచి జీ17 దాకా శ్రేణులుగా విభజించి ధర కడుతున్నారు. కిలోకు 4,300 నుంచి 4,600 కిలో కేలరీల మధ్య ఉంటే జీ10, ఆ కింద 4,000 దాకా జీ11, 3,700 దాకా జీ12. విద్యుత్ కేంద్రం కొనేది వేడిని, టన్నును కాదు. ఓపెన్‌కాస్టులో భారీ బకెట్టుతో ఎత్తేటప్పుడు పొరల మధ్య ఉన్న రాయి కూడా కలిసి వస్తుంది. పలచని రాతి పొరను విడిగా తీసే ఓపిక చూపితే టన్నులు తగ్గుతాయి, కేలరీలు పెరుగుతాయి. టన్నుల మీద బోనసులు, లక్ష్యాలు ఉన్నంతకాలం ఆ ఓపికకు ప్రోత్సాహం ఉండదు. గనిలో మిగిల్చిన ఆ ఖర్చును బూడిద రూపంలో రైలు మోస్తుంది, బాయిలరు భరిస్తుంది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గును విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం కేంద్రానికి తెచ్చుకునేటప్పుడు బూడిదకూ బొగ్గుకూ రైల్వే ఒకే కిరాయి వసూలు చేస్తుంది. గని గేటు దగ్గర చవగ్గా కనిపించిన బొగ్గు విద్యుత్ కేంద్రం దగ్గరికి చేరేసరికి చవక కాకపోవచ్చు. అదే శ్రేణి బొగ్గుకు సింగరేణి ధర కోల్ ఇండియా ధర కంటే ఎక్కువన్న ఫిర్యాదు పాతదే. దానికి ఒక కారణం ఓబీ నిష్పత్తి, మరొకటి కిరాయి తక్కువ పడే దగ్గరి కొనుగోలుదారులు ఉండటం.

ఉత్పాదకత అంకెలు మరో దేశంలో తలకిందులైన తీరు ఇక్కడ పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో 2000-01 నుంచి 2006-07 మధ్య గనుల రంగంలో కార్మికులు, పెట్టుబడి అన్నీ కలిపి లెక్కించే బహుళ కారక ఉత్పాదకత 24 శాతం పడిపోయిందని ఆ దేశపు ప్రొడక్టివిటీ కమిషన్ 2008లో తేల్చింది. అప్పట్లో ఖనిజాల ధరలు ఆకాశాన్నంటుతున్నాయి, కంపెనీలు లాభాల్లో తేలుతున్నాయి. పడిపోవడానికి కారణాలు రెండు ముఖ్యమైనవి: ఒకటి, సులువుగా దొరికే ఖనిజం తరిగిపోవడం, రెండు, కొత్త గనుల్లో పోసిన పెట్టుబడి ఫలించడానికి ఏళ్లు పట్టడం. ధర బాగా ఉన్నప్పుడు నాసి పొరలను కూడా తవ్వడం గిట్టుబాటవుతుంది, ఆ పొరలు సగటును కిందికి లాగుతాయి. అంటే ఉత్పాదకత తగ్గినంత మాత్రాన ఎవరూ తప్పు చేసినట్టు కాదు. మన దగ్గరే కోలారు బంగారు గనుల్లో తొలినాళ్లలో టన్ను ముడి ఖనిజానికి నలభై గ్రాములకు పైగా ఉన్న బంగారం చివరికి మూడు గ్రాముల స్థాయికి దిగింది, గని మూడు కిలోమీటర్ల లోతుకు చేరింది. చిత్తూరు వైపు నుంచి తరతరాలుగా వెళ్లి పనిచేసిన తెలుగు, తమిళ కార్మికుల నైపుణ్యం ఆ శతాబ్దంలో పెరిగిందే గాని తరగలేదు. అయినా 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

బొగ్గుకు అలాంటి అంచు ఇంకా దూరంగానే ఉంది, కానీ దిశ అదే. మూడు వందల మీటర్లకు దిగువన ఉన్న బొగ్గును ఓపెన్‌కాస్టుతో తీయడం చాలాచోట్ల గిట్టదు. అందుకే 2030 నాటికి భూగర్భ గనుల నుంచి ఏటా 10 కోట్ల టన్నులు తీయాలన్న లక్ష్యాన్ని కేంద్ర బొగ్గు శాఖ పెట్టుకుంది, పేలుడు లేకుండా బొగ్గు కోసే కంటిన్యువస్ మైనర్లు పెరుగుతున్నాయి. ఐదు దశాబ్దాలుగా భూగర్భం నుంచి పైకి మారుతూ వచ్చిన లాభం ఇప్పుడు వెనక్కి తిరగాల్సి వస్తుంది: ప్రతి టన్ను భూగర్భం వైపు జరిగినప్పుడల్లా సగటు ఓఎంఎస్ కొంత తగ్గుతుంది, గని లోపల పనితనం అంతకు మించి మెరుగుపడితే తప్ప. ఈసారి అంకెను కాపాడటానికి నేల తోడు రాదు కాబట్టి నడక సమయం, యంత్రం ఆగిన గంటలు, విడిభాగాల సరఫరా, ప్యానెళ్ల తయారీ వంటి ఇంతకాలం వెనక్కి నెట్టిన విషయాల మీదే భారం పడుతుంది.

సింగరేణి మాత్రం మరో దారి కూడా వెతుక్కుంది. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ గనిని మొదలుపెట్టింది. ఏటా కోటి టన్నుల సామర్థ్యం, గోదావరి లోయ గనులతో పోలిస్తే చాలా తక్కువ ఓబీ. నూట ముప్పై ఏళ్లకు పైగా ఇల్లెందు, కొత్తగూడెం, రామగుండం, బెల్లంపల్లి నేలల్లోనే తవ్విన సంస్థ తెలంగాణ దాటి తవ్వడం ఇదే మొదటిసారి. నైనీ పూర్తి స్థాయికి చేరాక సంస్థ సగటు ఓఎంఎస్ పెరుగుతుంది, టన్ను సగటు ఖర్చు తగ్గుతుంది. శ్రీరాంపూర్‌లోనో మణుగూరులోనో షిఫ్టు ఎలా గడుస్తోందన్నది ఆ సగటులో కనిపించదు. దాన్ని గనివారీగా, ఓబీ నిష్పత్తితో సరిచేసి, కేలరీల్లో కొలిచి విడిగా చూడాల్సిందే.